ఇంకో నాలుగు కిలోలు

సమస్త మానవాళికీ నా క్షమాపణలు. లాక్‌డౌన్ పెట్టించింది నేనే, బడులు మూయించింది నేనే, ఇంట్లోంచి పనిచేస్తూ మా నాన్న పెంచిన పొట్టకూ నాదే బాధ్యత. శిరసు వంచి ఒప్పుకుంటున్నాను.

ఇక మా చెల్లి సంగతి. పద్నాలుగేళ్ల పిల్ల. మూడు నెలలుగా కంచంలో మెతుకులు అటూ ఇటూ జరుపుతుంది తప్ప నోట్లో పెట్టదు. డాక్టరుగారు వీడియోలో “ఎలా మొదలైంది?” అని అడిగితే, తన వంట బాగుండక కాబోలని అమ్మ, ఫోన్ కొనిచ్చి చెడగొట్టానని నాన్న పోటీపడి ఏడ్చారు. నేనొక్కడినే నోరు మెదపలేదు.

ఇవాళ పొద్దున్న చెల్లి బరువు చూసే మిషన్ ఎక్కింది. అమ్మ కంచం పట్టుకుని వెనకే నిలబడింది.

“ఒక్క ముద్ద, మా అమ్మ కదూ!”

“ఇంకో నాలుగు కిలోలు తగ్గనీ అమ్మా. అప్పుడు తింటా, ఒట్టు.”

నాలుగేనా! ఎగిరి గంతేశాను. చెల్లిని దింపి, మిషన్ని తిరగేసి, అడుగునున్న చిన్న చక్రాన్ని వెనక్కి తిప్పాను.

“ఇది మొదట్నుంచీ నాలుగు ఎక్కువ చూపిస్తోందే, పిచ్చిమొహమా. ఎక్కు.”

ఎక్కింది. ముల్లు నాలుగు గీతలు దిగింది. ఎన్నాళ్లకో చెల్లి నవ్వింది. అమ్మ గబగబా ముద్ద కలిపింది.

“అయితే అన్నయ్యా, ఇంకో నాలుగు కూడా తగ్గగలనన్నమాట!”

అమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

పైన ఒప్పుకున్నవన్నీ కొట్టేయండి. నేను చేసింది ఒక్కటే. లాక్‌డౌన్ మొదటివారంలో నాన్నను ఆటపట్టిద్దామని ఆ చక్రాన్ని ముందుకు తిప్పిపెట్టాను. నాన్న కంటే ముందు చెల్లి ఎక్కింది.