నీటి పరీక్షశాలలో ఖాళీ

జాంబియాలో ఒక ప్రభుత్వ నీటి పరీక్షశాల. పన్నెండేళ్లుగా అక్కడ తాత్కాలికంగా పనిచేస్తున్న ముతింతా, పర్మనెంటు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లింది. వచ్చే నెలతో వయసు దాటిపోతుంది.

అధికారి హమూంగా కాగితాలు తిరగేసి, "డిప్లొమా చాలదమ్మా, డిగ్రీ ఉండాలి," అన్నాడు.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని, అక్కడి వాళ్లు పెద్దల ముందు మర్యాదగా చేసినట్టు మెల్లగా చప్పట్లు కొట్టింది. "అయ్యా, చోమా చుట్టుపక్కల బోర్ల నీళ్లన్నీ పరీక్షించింది ఈ చేతులే. ఇదే నా ఆఖరి అవకాశం. కాదనకండి."

"రూలు నేను రాసింది కాదు."

ముతింతా కళ్లు తుడుచుకుని లేచింది. తలుపు దాకా వెళ్లాక, వెనక నుంచి అతని గొంతు చిన్నగా వినిపించింది.

"ఈ ఉద్యోగంలోకి ఎవరొచ్చినా పని నువ్వే నేర్పాలక్కా. అప్పుడు నాకు నేర్పావు చూడు, అలాగే."