గీత పడని డిస్కు

జులై 14. ముసురు పట్టింది. పొద్దున్నే మగ్గం శుభ్రం చేశాను.

అలిగి అయిజలోని తల్లిగారింటికి వెళ్లిన నా భార్య జమ్ములమ్మకు మొన్న మా పెళ్లి వీడియో డిస్కును మామూలు పోస్టులో పంపాను. రెండు చీర అట్టల మధ్య పెట్టి, కదలకుండా దారంతో కట్టాను. ఇవాళ ఆమె ఫోన్ చేసింది.

“ఏమయ్యా, బస్సెక్కి రానీకి పైసలు అడ్డమొచ్చినయా? గింత సస్తగ పోస్టుల తోలినవ్!”

“డిస్కు మంచిగ చేరిందా?”

“ఒక్క గీత పడలే. గని చూసుడెట్ల? ఈడ ఎవరింట్ల ప్లేయర్ లేదు.”

“మనింట్ల ఉన్నది.”

ఆమె నవ్వు వినిపించింది.

“గందుకే పంపినవా, దొంగోడా! మూడు గంటల బస్సుకు వస్త.”

ప్లేయరు తుడిచి టీవీకి తగిలించాను. బియ్యం కడుగుదామని లేచేసరికి వాకిట్లో జమ్ములమ్మ చెప్పులు విడుస్తోంది.