గీత దాటిన ఆయిలు

“పొగ ఏ రంగులో ఉందో చెప్పు,” అన్నాడు మేస్త్రి, స్టూలు మీంచి కదలకుండానే.

రిపేరు షెడ్డు ముందు ఆగిన మోటార్‌సైకిలు దగ్గుతూ వణుకుతోంది. దాని పక్కన గొంతుక్కూర్చున్న మేస్త్రి భార్య సైలెన్సరు వైపు తల తిప్పింది. పొద్దుట్నించీ వంగీ లేచీ నడుము పట్టేసింది ఆమెకి. మాట కూడా ఈడ్చుకుంటూ వచ్చింది.

“తెల్లగా ఉంది. కొంచెం నీలం కలిసింది.”

“అంటే?”

“ఆయిలు మండుతోంది.”

“ఎందుకు మండుతోంది? సార్‌కి వినపడేలా చెప్పు.”

ఆమె సార్ వైపు ఓసారి చూసింది. సార్ అంటే కొరియర్ ఆఫీసు మేనేజరు. హెల్మెట్ చంకలో పెట్టుకుని చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. వాళ్ళ ఆఫీసు బండ్లన్నీ సర్వీసుకి ఈ షెడ్డుకే వస్తాయి. అవి రాకపోతే ఈ షెడ్డు లేదని అతనికీ తెలుసు. నిన్న ఇక్కణ్ణించి వెళ్ళిన ఈ బండి ఇవాళ ఫ్లైఓవరు ఎక్కలేక మధ్యలో ఆగిపోయింది. దాని మీదున్న మనిషిని వెనకొస్తున్న లారీ గుద్దడం వెంట్రుకవాసిలో తప్పింది. అందుకే మేనేజరు తనే తోలుకొచ్చాడు.

“మేస్త్రీ, నేను పోట్లాడటానికి రాలేదు. నాకంత ఓపిక కూడా లేదు. మీ చెయ్యి తప్పుతోందంటే చెప్పేయండి, బండ్లు ఇంకో చోటికి పంపుకుంటాను. రేపు ఎవరికైనా ఏదైనా అయితే జవాబు చెప్పుకోవాల్సింది నేను.”

మేస్త్రి నోరు తెరిచేలోపే ఆమె లేచి నిలబడింది.

“ఆయన కాదు సార్. ఆయిలు పోసింది నేను. ఎంతుందో చూసుకోకుండా డబ్బా మొత్తం వంపేశాను.”

ఇంజను చప్పుడు మీంచి మేస్త్రి గొంతు లేచింది.

“విన్నారుగా సార్? ఎన్నిసార్లు చెప్పాను దీనికి? ఆయిలు గీత దాటితే ఇంజనుకి ఊపిరాడదని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. బుర్ర ఎక్కడ పెట్టుకుని పోశావు? ముందు ఇంజను ఆపు. తప్పు చేసిన చేత్తోనే బాగుచెయ్యి. నేను ముట్టుకోను.”

ఆమె ఇంజను ఆపి, బండికి సెంటర్ స్టాండు వేసింది. ఇంజను వేడి తగ్గేదాకా ఆగి, దాని పక్కన ఆయిలు ఎంతుందో చూపే చిన్న గుండ్రటి అద్దంలోకి వంగి చూసింది.

“ఎక్కడిదాకా ఉంది?”

“పై గీత కనపడటం లేదు. అద్దం నిండా ఆయిలే.”

“కింద నట్టు వదులు చెయ్యి. మొత్తం ఊడదీయకు. రెండు గీతల మధ్యకి రాగానే బిగించెయ్.”

రేకు పళ్ళెంలోకి ఆయిలు సన్నగా కారింది. ఆమె ఒక కన్ను అద్దం మీద, ఒక చెయ్యి నట్టు మీద ఉంచి, మోకాలు నేలకి ఆనించి కూర్చుంది.

“వచ్చిందా?”

“వచ్చింది.”

“నిజంగా వచ్చిందా?”

“వచ్చిందండీ.”

మేనేజరు ఇబ్బందిగా రోడ్డువైపు చూశాడు. అతని పెదనాన్న కూడా ఇంతే. మంచం దిగకుండానే ఇంట్లో అందరిమీదా పెత్తనం చేసేవాడు.

“ఎయిర్ ఫిల్టరు తియ్యి. తడిసిందా?”

“ఆయిల్లో ముంచి తీసినట్టుంది.”

“తడవక ఏం చేస్తుంది? ఎక్కువైందంతా దాంట్లోకే తన్నుకొస్తుంది. కొత్తది వెయ్యి. ప్లగ్గు ఇలా తే.”

ఆమె ప్లగ్గు ఊడదీసి అతని అరచేతిలో పెట్టింది. చూడటం కూడా దండగన్నట్టు అతను దాని కొస మీద బొటనవేలు రాసి, వాసన చూసి, తిరిగిచ్చేశాడు.

“మసి. పెట్రోలు పోసి తోము.”

మేనేజరు ఇంక ఊరుకోలేకపోయాడు. “పోనీండి మేస్త్రీ. మనిషన్నాక పొరపాటు జరగదా?”

“మీరు వెనకేసుకు రాకండి సార్. ఇవాళ వదిలేస్తే రేపు ఇంకో బండికి చేస్తుంది.”

ఆమె తలెత్తలేదు. ప్లగ్గు తోమి బిగించింది, ఫిల్టరు మార్చింది, కిక్కు కొట్టింది. మొదట గుప్పున పొగ వచ్చింది. లోపల మిగిలిందంతా కాలిపోయేదాకా యాక్సిలేటరు పట్టుకుని నిలబడింది. పొగ పలచబడింది. దగ్గు తగ్గి ఇంజను నిదానంగా పాడటం మొదలుపెట్టింది. మేస్త్రి తల ఓ పక్కకి వంచి విన్నాడు.

“పొగ?”

“లేదు.”

“ఊఁ,” అన్నాడు. మెచ్చుకోలుగా ఒక్క ముక్క కూడా అనలేదు.

మేనేజరు బండెక్కి, సందు మొదట్లోకి నడిపి, ఆమెని దగ్గరికి పిలిచాడు. గొంతు తగ్గించి అడిగాడు.

“ఇంట్లో కూడా ఇంతేనా అక్కా, ఈయన?”

ఆమె గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంది. “అలిసిపోయున్నారు సార్. అంతే.”

“ఎలా వేగుతున్నారో ఏమో. సరే, బండ్లు ఇక్కడికే పంపిస్తాలెండి. ఒక్కటే మాట. ఆయిలు మాత్రం ఇకమీదట మేస్త్రి చేతే పోయించండి. మీరు ముట్టుకోకండి.”

“అలాగే సార్.”

“వస్తాను మేస్త్రీ,” అని అతను వెనక్కి కేకేశాడు.

మేస్త్రి స్టూలు మీంచి లేచి, రోడ్డువైపు నవ్వుతూ చెయ్యెత్తాడు. బండి సందు మలుపు తిరిగింది. దాని చప్పుడు మిగతా బండ్ల చప్పుళ్ళలో కలిసిపోయింది. ఆమె వచ్చి పక్కన నిలబడేసరికి కూడా అతను ఎత్తిన చెయ్యి దించలేదు, మొహాన నవ్వు తియ్యలేదు. గొంతు మాత్రం పూర్తిగా దిగిపోయింది.

“మరీ ఎక్కువ తిట్టానా?”

“సరిపోయింది. నమ్మాడు.”

“పోసింది నేను. మాటలు పడింది నువ్వు.”

“పడితే ఏమైందిప్పుడు? బండ్లు నిలిచాయిగా.”

ఆమె అతని చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించింది.

“వెళ్ళిపోయాడు. ఇంక కళ్ళు కనపడుతున్నట్టు నటించక్కర్లేదండీ.”