మొదటి శుక్రవారం

"ఇక నావల్ల కాదు ఫాదర్. గోబ్నెట్ దగ్గరికి ఇంకెవరినైనా పంపండి."

చర్చికి రాలేని రోగులకి సత్ప్రసాదం పట్టుకెళ్ళే చిన్న గుండ్రటి డబ్బీని నోరీన్ ఖాళీగానే బల్లమీద పెట్టేసింది. పొద్దుటి పూజ అప్పుడే అయింది. ఫాదర్ కియరన్ పూజ బట్టలు విప్పి మడతపెట్టుకుంటున్నారు. మూడు ఊళ్ళ చర్చిలు ఆ ఒక్క ముసలాయన నెత్తిమీదే ఉన్నాయి. ఇంకో ఊళ్ళో పూజకి అప్పటికే ఆలస్యమైంది. ఆయన అలిసిపోయి ఉన్నారు, ఆవిడ అంతకంటే అలిసిపోయి ఉంది.

గోబ్నెట్ నోరీన్‌కి సొంత అక్క. ఆమె తుంటి ఎముక విరిగి మంచాన పడ్డప్పటి నుంచి, నెలలో మొదటి శుక్రవారం వచ్చిందంటే సత్ప్రసాదం అందించే పని నోరీన్‌దే. అమ్మ ప్రాణం పోతున్న రాత్రి చెల్లెలికి కబురు పెట్టని అక్క కూడా ఈ గోబ్నెట్టే. నోరీన్ వెళ్ళేసరికి శవపేటికకి మూత వేసేశారు. పొరపాటైందని గోబ్నెట్ ఇవాళ్టి దాకా ఒప్పుకోలేదు.

"మరి క్షమించానన్నావుగా?" అన్నారు ఫాదర్.

"క్షమించాను. అది ఒకసారితో తెమిలిపోయే పని అనుకున్నాను. ప్రతి నెలా ఆ గుమ్మం ముందు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తోంది. ఓపిక అయిపోయింది ఫాదర్."

ఆయన నీతులేమీ చెప్పలేదు. చెప్పే ఓపిక ఆయనకీ లేదు. ఈ ఒక్కసారికి వెళ్ళి రమ్మని, వచ్చే నెల నుంచి షీలా క్రోనిన్‌ని బతిమాలుకుంటానని అంటూ, డబ్బీలో సత్ప్రసాదం ఉంచి ఆవిడ చేతికిచ్చారు.

వానలో కారు నడుపుకుంటూ వెళ్ళింది నోరీన్. గోబ్నెట్ ఎప్పటిలాగే వంటింటి పక్క గదిలో, మెడ దాకా దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. మంచం పక్కన చిన్న బల్ల, దానిమీద తెల్లగుడ్డ, కొవ్వొత్తి, పవిత్ర జలం, అన్నీ పొందిగ్గా అమర్చి ఉన్నాయి. పక్కింటావిడ సర్దిపెట్టి వెళ్ళిందట.

ఇద్దరూ పరలోక జపం చెప్పుకున్నారు. ఇతరుల తప్పులు మేం క్షమించినట్టే మా తప్పులు క్షమించమనే మాట దగ్గరికొచ్చేసరికి, ప్రతి నెలా జరిగేదే, ఇద్దరి గొంతులూ గొణుగుడులోకి దిగిపోయాయి. సత్ప్రసాదం ఇచ్చి, ఖాళీ డబ్బీ సంచిలో వేసుకుని నోరీన్ కుర్చీలోంచి లేచింది.

"టీ తాగి వెళ్ళకూడదూ. కెటిల్ ఇంకా వేడిగానే ఉంది," అంది గోబ్నెట్.

"పనుంది."

"వచ్చే నెల కూడా ఈ వేళకేనా?"

వచ్చే నెల నుంచి షీలా వస్తుందని చెప్పాలి.  నోరీన్ మాత్రం చూద్దామని గొణిగి బయటపడింది. పీడా వదిలింది అనుకోవాలని చూసింది గానీ, అలా అనుకోవడానికి కూడా నీరసంగా అనిపించింది.

కారు తలుపు తీశాక, చేతి తొడుగులు వంటింట్లోనే మరిచిపోయిన సంగతి గుర్తొచ్చింది. ముందు గుమ్మంలోంచి వెళ్తే మళ్ళీ పలకరించాలి. వెనక తలుపులోంచి చప్పుడు కాకుండా తీసుకుందామని వంటింటి వైపు వెళ్ళి, కిటికీ దగ్గర ఆగిపోయింది.

గోబ్నెట్ నిలబడి ఉంది. కర్ర లేదు, ఆసరా లేదు. నిండు బొగ్గుల బకెట్టు ఒంటిచేత్తో ఎత్తి పొయ్యి పక్కన పెట్టింది. బార్లా తీసున్న తలుపులోంచి చకచకా పక్కగదిలోకి నడిచి కొవ్వొత్తి ఆర్పింది. తెల్లగుడ్డ మడతపెట్టింది. ఆ తర్వాత నోరీన్ కూర్చున్న కుర్చీని మంచానికి కాస్త దగ్గరగా జరిపింది. మంచం మీద కూర్చుని, ఎంత దూరం ఉందో చూసుకుంది. మళ్ళీ లేచి ఇంకాస్త జరిపింది.

నోరీన్‌కి ఒళ్ళు మండిపోయింది. సత్ప్రసాదం ముందు ఇంత నాటకమా. తలుపు నెట్టుకుని వెళ్ళి కడిగిపారేద్దామని పిడి మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. కాళ్ళు బాగయ్యాయంటే గోబ్నెట్ అందరిలాగే చర్చికి రావాలి. ఆ కుర్చీలో కూర్చోవడానికి ఇక ఎవరూ రారు. క్షమించమన్న మాట నోట పెగలక, ఆ మనిషి ఎముక అతుక్కున్నాక కూడా మంచమే పట్టుకుని ఉంది.

తొడుగులు తీసుకోకుండానే నోరీన్ వచ్చేసింది. కారులో కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

ఆవిడ తిరిగొచ్చేసరికి ఫాదర్ కియరన్ రెండో పూజ కూడా ముగించుకొచ్చి, తడిసిన బూట్లు విప్పుకుంటున్నారు. షీలా ఒప్పుకుందని చెప్పారు. ఆమె ఇంకో సంగతి కూడా చెప్పిందన్నారు.

"మీ అక్క పెరట్లో తిరుగుతుంటే చూశామని దుకాణంలో అనుకుంటున్నారట. నడవగలిగితే ఎవరినీ పంపనక్కర్లేదు, చర్చికే రమ్మందాం. నువ్వు ఇప్పుడే చూసొచ్చావుగా. నిజమేనా?"

తిరిగిచ్చేద్దామని బల్లమీద పెట్టిన డబ్బీని నోరీన్ మళ్ళీ తీసి తన సంచిలోనే పెట్టుకుంది.

"వాళ్ళ మొహం. అక్క మంచం దిగలేకపోతోంది ఫాదర్. షీలాకి శ్రమెందుకు, నేనే వెళ్తాను," అంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "అన్నట్టు, చేసిన పాపం చెప్పుకోవాలంటే, రేపు పాపసంకీర్తనం వినడానికి ఎన్నింటికి కూర్చుంటారు?"