చెప్పి వెళ్లిన మనిషి

"అన్నా, కేక్ కోయకముందే పోతున్నరా?"

చిక్కడపల్లిలోని ఫంక్షన్ హాలు గుమ్మంలో నిహారిక ఆయనకు అడ్డం నిలబడింది.

అక్క కూతురి మొదటి పుట్టినరోజు. పుణె నుంచి పొద్దున్నే దిగిన నిహారికకు అతిథులను చూసుకునే పని పడింది. యాభైకి దగ్గరపడిన ఈ మనిషి ఎవరో ఆమెకు తెలియదు. వచ్చి అరగంట కూడా కాలేదు.

ఆయన నవ్వాడు.

"పోతున్న చెల్లె. దొంగలెక్క జారిపోవుడెందుకని, నీకు చెప్పి పోదామని వచ్చిన."

"ఏమన్న పనుందా?"

"పనేం లేదు. ఒంట్ల ఓపిక అయిపోయింది. ఇంక కూసుంటే నన్ను చూసి మీరు పరేషాన్ అయితరు."

నిహారిక తెల్లబోయింది. ఇలాంటి చోట్ల నుంచి తప్పించుకోవడానికి తను ఎన్నిసార్లు రాని ఫోను చెవికి పెట్టుకుందో! ఉన్నమాట ఇంత తేలిగ్గా చెప్పొచ్చని ఎన్నడూ తోచలేదు.

"జర ఆగుండ్రి, అక్కను పిలుస్త."

"వద్దు. పాపకు గౌను మారుస్తున్నది. నేనొచ్చిన, పాపను చూసిన, మనసు నిండింది అని చెప్పు. సాలు."

"అన్నమన్న తిని పోండ్రి."

"ఇంకోసారి ఇంటికొచ్చి, కూసోని తింట."

గుమ్మం పక్క కుర్చీలో ఒంటరిగా ఉన్న ఒక ముసలాయన చేతులు పట్టుకుని రెండు మాటలు మాట్లాడాడు. వడ్డించేవాళ్లకు దండం పెట్టాడు. లోపల పాట ఆగలేదు, నవ్వులు ఆగలేదు.

మెట్ల మీద ఒక్క క్షణం గోడ పట్టుకుని నిలబడ్డాడు. నిహారిక చెయ్యి అందించబోతే సున్నితంగా వద్దన్నాడు. ఆటో ఎక్కి నారాయణగూడ వైపు వెళ్లిపోయాడు.

ఎవరి సంబరానికీ అడ్డు రాకుండా ఎంత చక్కగా వెళ్లాడు! నేర్చుకుంటే ఇలా వెళ్లడం నేర్చుకోవాలి అనుకుంది నిహారిక.

పేరైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఇంతలో అక్క రాగిణి పాపను చంకనేసుకుని వచ్చింది.

"గోవర్ధనన్న ఏడి? మొదటి ముక్క పాపతోని ఆయనకే తినిపియ్యాలె."

"ఇప్పుడే పోయిండక్కా. ఓపిక లేదన్నడు."

"అయ్యో, ఆపకపోయినవా?"

"ఎవరక్కా ఆయన?"

రాగిణి ఖాళీ మెట్లవైపు చూస్తూ పాపను గుండెకు అదుముకుంది.

"దీని గుండె ఆపరేషన్‌కు ఏడ దొరకని రక్తం ఇచ్చింది ఆయనేనే; ఇయ్యాల పొద్దున గూడ ఎవరి పిల్లకో ఇచ్చి, వస్తనని నాకు మాటిచ్చిండని దవాఖాన నుంచి సీదా ఇటే వచ్చిండు."