శనివారం అంకుల్

"క్లాసులన్నీ సెట్ చేశాను సార్. పాపకి పిల్లల స్నోబోర్డు క్లాసు. మేడమ్‌కి పెద్దవాళ్ల బిగినర్స్ స్కీ. రెండూ ఒకేసారి మొదలై ఒకేసారి అయిపోతాయి. మీకు లాడ్జ్‌లో కిటికీ పక్క టేబుల్."

శశికాంత్ నిలబడి చెప్పాడు. గౌరీశంకర్ కూర్చుని విన్నాడు.

"మరి నువ్వు?"

"నేనూ స్నోబోర్డు బిగినర్స్‌లో చేరతాను సార్. పాప క్లాసు పక్కనే ఉంటుంది. ఏదైనా అవసరమైతే..."

"మొదటి శనివారం చూద్దాం. బాగా జరిగితే సీజనంతా దాన్ని నువ్వే తీసుకెళ్లు. తేడా వచ్చిందా, అక్కడితో కట్. చెప్పింది గుర్తుందిగా?"

"గుర్తుంది సార్."

స్కీలు అద్దెకిచ్చే కొట్లుంటాయి. మనుషుల్ని అద్దెకిచ్చే కొట్లూ ఉంటాయి. బాతెల్ అనే ఊళ్లో గౌరీశంకర్‌ది రెండో రకం. దాన్ని కన్సల్టెన్సీ అంటారు. అందులో శశికాంత్ ఒక సరుకు. 2001లో ఉద్యోగం ఊడి, వీసా పోయి, ఒక్కడే విమానమెక్కి హైదరాబాద్‌లో దిగినవాడు. ఏడేళ్ల తర్వాత గౌరీశంకర్ కాళ్లావేళ్లా పడి హెచ్‌వన్ వేయించుకుని మళ్లీ వచ్చాడు. వేరే కంపెనీ ఎక్కువ జీతమిస్తామన్నా కదల్లేదు. వీసా గౌరీశంకర్ చేతిలో. నోరెత్తితే మళ్లీ విమానమే.

వారమంతా ఆఫీసు పని పక్కనపెట్టి స్కీ స్కూలుకి ఫోన్లు చేశాడు. ఏ టీచరు పిల్లల మీద అరవదు? ఎనిమిదేళ్ల పిల్లని కొండమీదికెళ్లే లిఫ్ట్ ఎప్పుడెక్కిస్తారు? హెల్మెట్‌కి తల ఎక్కడ కొలవాలి? అడిగిందే అడిగి ఆ ఫోనెత్తే అమ్మాయిని చంపుకుతిన్నాడు.

ఆఫీసులో అందరూ నవ్వుకున్నారు. రాఘవులైతే మొహమ్మీదే అడిగేశాడు.

"గ్రీన్‌కార్డు కోసం ఆయా పని గూడ చేస్తవా అన్నా?"

"చేస్తా," అన్నాడు శశికాంత్. సిగ్గనేది లేదు మనిషికి.

శనివారం పొద్దున కొండెక్కారు. రాఘవులు కూడా వచ్చాడు. రాకుంటే సార్‌కి కోపం. బోర్డులు, బూట్లు, బ్యాగులు అన్నీ శశికాంతే మోశాడు. గౌరీశంకర్ కాఫీ కప్పు మోశాడు.

అద్దె బూట్ల కౌంటర్ దగ్గర కుర్రాడు ఒక్కొక్కరినీ వెనకనుంచి మెల్లిగా తోశాడు. తూలినప్పుడు ఏ కాలు ముందుకి పడితే బోర్డు మీద ఆ కాలు ముందు. రాఘవులుది ఎడమ. వరసలో ఉన్న అందరిదీ ఎడమే. పాప ఇషాది కుడి. శశికాంత్‌దీ కుడి.

"అంకుల్! సేమ్ సేమ్!" అని ఎగిరింది ఇషా.

బిందుమాధవి నవ్వలేదు. "ముందు హెల్మెట్ బకిల్ పెట్టుకో," అంది కూతురితో. తర్వాత శశికాంత్ మొహం చూడకుండానే, "మీరు కాస్త దూరంగా ఉండండి. దాన్ని డిస్టర్బ్ చేయకండి," అంది.

"అలాగే మేడమ్."

పిల్లల క్లాసుకీ పెద్దల క్లాసుకీ మధ్య ఒక తాడు కట్టారు. తాడుకి ఇటువైపు శశికాంత్ పడ్డాడు. లేచాడు. మళ్లీ పడ్డాడు. చూపంతా అటు పెట్టుకుని బోర్డెక్కితే పడక చస్తాడా?

"అంకుల్, నువ్ బేబీలా ఫాల్ అవుతున్నావ్!" ఇషా పగలబడి నవ్వింది. "మా డాడీ అసలు పడడు!"

"ఎక్కితే గద పాపా పడేది," అన్నాడు రాఘవులు, లాడ్జ్‌కి వినపడనంత దూరంలో ఉన్నానన్న ధైర్యంతో.

శశికాంత్ కూడా నవ్వాడు. ముక్కుమీది మంచు తుడుచుకుని, "చేతులు చాచి పడకు పాపా, మణికట్టు విరుగుద్ది. ముడుచుకుని పడు. ఇదిగో, ఇట్లా," అని కావాలని ఇంకోసారి పడి చూపించాడు.

ఇషా మళ్లీ నవ్వింది. ఆ నవ్వు కోసం వాడు సాయంత్రం దాకా పడేలా ఉన్నాడు.

లంచ్ అయ్యాక జరిగింది అది. వెనకనుంచి ఎవరో పెద్ద పిల్లాడొచ్చి గుద్దాడు. ఇషా చేతులు చాచే పడింది. చెయ్యి ఒంటి కింద మడతపడింది. కొండంతా వినబడేలా ఏడ్చింది.

"డాడీ! డాడీ!"

శశికాంత్ బోర్డు ఊడబీక్కుని తాడు కింద నుంచి దూరాడు. మోకాళ్ల మీద పడుతూ, పాకుతూ వెళ్లాడు.

"వచ్చా తల్లీ, వచ్చేశా! ఇక్కడే ఉన్నా!"

మంచులో కూలబడి పిల్ల తల ఒళ్లో పెట్టుకున్నాడు. ఇషా కళ్లు మూసుకునే వాడి జాకెట్ పట్టుకుంది. టీచరు మణికట్టు తడిమి చూసింది. విరగలేదు, బెణికిందంతే అంది. వాడు గట్టిగా ఊపిరి వదిలాడు.

అప్పుడొచ్చాడు గౌరీశంకర్. పిల్లని ఎత్తి, వెనకే పరుగెత్తుకొచ్చిన బిందుమాధవికి అందించాడు. వాళ్లు కారు వైపు నడిచాక మెల్లిగా అడిగాడు.

"అది ఎవర్ని పిలిచింది?"

"మిమ్మల్నే సార్."

"పలికిందెవరు?"

శశికాంత్ తల దించుకున్నాడు.

"భయంలో నోరు జారింది సార్. ఇంకోసారి జరగదు. ఒక్క శనివారం... దూరం నుంచైనా..."

"వచ్చే వారం నుంచి రాఘవులు తీసుకొస్తాడు."

రాఘవులు నోరెళ్లబెట్టాడు. "గంత మాత్రానికేనా సార్? పిల్ల ఏడుస్తుంటే ఎవరైనా ఉరుకుతరు గద!"

గౌరీశంకర్ వెనక్కి తిరిగి నడిచాడు. కారెక్కాడు. కిటికీలోంచి ఇషా బాగున్న చెయ్యి ఊపింది.

"బై అంకుల్! నెక్స్ట్ సాటర్డే నువ్ పడకూడదు, ఓకే?"

శశికాంత్ కూడా చెయ్యి ఊపాడు.

కన్నకూతుర్ని కళ్లతో చూసుకోనివ్వడానికి మాజీ భార్య, ఆవిడ మొగుడు వాడికి పెట్టిన షరతు ఒక్కటే: అది 'డాడీ' అని పిలిస్తే పలక్కూడదు.