కిటికీ పక్క సీటు

పెళ్లాన్ని తెచ్చి బస్సులో కాపురం పెట్టినవాడు ఆమెకు అన్యాయం చేసినట్టా కాదా అన్న సందేహం నరసింగరావుని పదకొండేళ్లుగా వదల్లేదు. రోజూ దణ్ణం పెట్టుకునేటప్పుడు దేవుణ్ణి అడిగేవాడు. దేవుడు అవుననలేదు, కాదనీ అనలేదు.

ఆ శనివారం సాయంత్రం ఇంజను మీద వంగి అదే ఆలోచిస్తూ ఉంటే లోపల్నుంచి కూతురు పిలిచింది.

"నానా, రేపు ముందు గుడా, సముద్రమా? పలక మీద రాసేస్తన్నాను."

"సముద్రం," అన్నాడు ఏడేళ్ల చినబాబు.

"గుడి," అంది పొయ్యి దగ్గర్నుంచి తాయారు. "సముద్రం ఎక్కడికీ పోదు. స్వామికి తలుపులు వేసేస్తారు."

"సముద్రానికి తలుపులుండవా అమ్మా?"

"ఉండవు. నీ నోటికి లేనట్టే."

పద్మకుమారి పలక మీద వరసగా రాసింది. నరసన్నపేటలో టీ. అరసవల్లిలో దణ్ణం. శ్రీకూర్మంలో దర్శనం. ఆ తర్వాత కళింగపట్నం, చీకటి పడేదాకా సముద్రం.

కోటబొమ్మాళిలో బస్సు కంపెనీ మూతపడ్డప్పుడు యజమాని ఈ పాత బస్సుని మెకానిక్కు నరసింగరావుకే వదిలేశాడు. అతను సీట్లు పీకి మంచాలు చేశాడు. వెనక తలుపు దగ్గర పొయ్యి పెట్టాడు. కిటికీలకు తాయారు పాత చీరలు కట్టింది. పిల్లలిద్దరూ అందులోనే పుట్టారు.

ఆదివారాలు మాత్రం ఆ ఇంటికి ఎక్కడలేని హుషారు వచ్చేది. నరసింగరావు డ్రైవరు సీట్లో కూర్చుని "రామతీర్థం, దిగేవాళ్లు దిగండి" అని కేక వేస్తే పిల్లలు పులిహోర పొట్లాలు పట్టుకుని దిగేవారు. హారను రెండుసార్లు మోగితే విజయనగరం. దారిలోని ఊళ్లన్నీ పద్మ తడుముకోకుండా చెప్తుంటే బళ్లో మాస్టారే ఆశ్చర్యపోయారు.

"సముద్రం ఒక్కటీ సూపించలేదు నువ్వు," అని చినబాబు అలిగేవాడు.

"అది కేకేస్తే రాదురా. మనమే ఎల్లాల."

శ్రీకూర్మం కూడా మిగిలిపోయింది. దానికి తాయారే ఒప్పుకోలేదు. "మిగతా ఊళ్లకి ఎలా ఎల్లినా సరే. దేవుడి దగ్గిరికి మాత్రం మీరిచ్చిన మాట ప్రకారం ఎల్లాల," అనేది.

పెళ్లయిన కొత్తలో ఇద్దరూ శ్రీకూర్మం బయలుదేరారు. బస్సు కిక్కిరిసి ఉంది. కొత్త చీరతో తాయారు మెట్టు మీద వేలాడుతూ కాస్త దూరం వెళ్లి, ఇక నావల్ల కాదని దిగిపోయింది. అప్పుడన్నాడు నరసింగరావు, "ఎప్పుడైనా సొంత బస్సులో, కిటికీ పక్కన కూర్చోబెట్టి తీసుకెళతాను" అని. అందుకే సీట్లన్నీ పీకినా కిటికీ పక్క ఒక సీటు ముట్టుకోలేదు. తాయారూ ఇన్నేళ్లలో అందులో కూర్చోలేదు. రామతీర్థమైనా విజయనగరమైనా పొయ్యి పక్క పీట మీదే.

ఆరు నెలలుగా పాత ఇనుము కొట్ల వెంట తిరిగి ఒక్కొక్క సామానూ తెచ్చి ఇంజను బాగుచేశాడు. నిన్ననే టైర్లు వేశాడు.

దీపాల వేళకి తాయారు అన్న జగన్నాధం వచ్చాడు.

"ఏటి బావా, రేపేనా? నీ బస్సు శ్రీకూర్మం చేరేలోగా ఆ కూర్మనాథుడే నడిచి ఇక్కడికొచ్చేస్తాడేమో."

"వస్తే కాఫీ ఇస్తాంలే."

"ఎకసెక్కం కాదు. రేపు పదింటికల్లా నువ్వు బయల్దేరకపోతే పదకొండింటి బస్సుకి మా సెల్లినీ పిల్లల్నీ నేనే తీసుకుపోతాను. ఎన్నాళ్లు నమ్ముతాది నిన్ను?"

నరసింగరావు రెంచీ కింద పెట్టి తాయారు వంక చూశాడు. తాయారు పొయ్యిలో కట్టె ఎగదోసి, తలెత్తకుండానే అంది.

"పది దాకా ఆగు అన్నయ్యా. పదకొండేళ్లు ఆగినదాన్ని."

తెల్లారింది. పిల్లలు ఆరు కాకుండానే తలలు దువ్వుకుని కూర్చున్నారు. తాయారు కోళ్లని గంప కింద మూసి, పక్కింటి గున్నమ్మకి అప్పజెప్పింది.

"పద్మా, పైనున్న ఆనపకాయలు దింపేయే. దార్లో పడిపోతాయి."

గున్నమ్మ నాలుగు నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టింది. చూడడానికి వీధి వీధంతా వచ్చి నిలబడింది.

నరసింగరావు హ్యాండిలు తిప్పాడు. ఇంజను దగ్గి ఊరుకుంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతే. జగన్నాధం గడియారం చూసుకున్నాడు.

"పదికి పది నిమిషాలు, బావా."

నరసింగరావు చెమట తుడుచుకున్నాడు. స్వామీ, ఇన్నేళ్లూ అడిగినదానికి జవాబు చెప్పలేదు, ఇప్పుడైనా చెప్పు, అనుకున్నాడు. మూడోసారి బలమంతా పెట్టి తిప్పాడు. బస్సు ఒళ్లంతా వణికింది. గొంతు సవరించుకుని గట్టిగా మోగింది.

తాయారు చేతులు కడుక్కుంది. పొయ్యి పక్క పీట ఎత్తి గోడకి ఆనించింది. చీర కుచ్చెళ్లు సర్దుకుని వచ్చి కిటికీ పక్క సీట్లో కూర్చుంది. నరసింగరావు ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చుంటే, చినబాబు వెనకనుంచి ఆ సీటు పట్టుకుని వేలాడుతున్నాడు. పద్మ ఒళ్లో పలక ఉంది.

"అన్నయ్యా, టైమెంతయింది?" అంది తాయారు కిటికీలోంచి.

"పదికి రెండు నిమిషాలుంది," అని జగన్నాధం కండువా నడుముకి బిగించి, ఎవరూ పిలవకుండానే వెనక్కి వెళ్లి భుజం ఆనించాడు. వీధివాళ్లూ ఆనించారు.

నిమ్మకాయలు చిట్లాయి. కిటికీ బయట గున్నమ్మ ఇల్లు మెల్లగా వెనక్కి జరిగింది.

పదకొండేళ్లలో ఆ బస్సు కదలడం అదే మొదటిసారి.